ముప్పయ్యో దినం

ఇంక ఒక్క పూట గడిస్తే ఓబులేశ్ ఉద్యోగం నిలబడినట్టే.

ఆసుపత్రులకు సర్కారు కొత్త రూలు పెట్టింది. ఇంటికి పంపిన పేషెంటు ముప్పై దినాల్లో మళ్లీ చేరితే, వైద్యం సరిగ్గా చెయ్యలేదని ఆసుపత్రికి చెడ్డపేరు. ఒక్కరూ తిరిగి రాకుంటే బహుమతి. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! ఇంటికి పోయినవాళ్లు తిరిగి చేరకుండా చూసే ఆ పూజారి పని పెద్ద డాక్టరు ఓబులేశ్‌కు అప్పజెప్పాడు. ఎవరైనా తిరిగొచ్చి చేరితే నీ కాంట్రాక్టు అయిపోయినట్టే అని కూడా అన్నాడు.

ఆ నెల లిస్టులో గడువు దాటకుండా మిగిలింది ఒక్కడే, వల్లూరు చిక్కన్న. సోలార్ పలకలు కడిగే మనిషి. గుండె జబ్బు. పంతొమ్మిదో దినాన భార్య వెంకటక్క భుజం పట్టుకుని రానే వచ్చాడు. ఆటో దిగి గేటు దాకా రావడానికే పాపం మూడుచోట్ల కూర్చున్నాడు. ఓబులేశ్ గేటు దగ్గరే ఆపాడు. బతిమాలాడు, మాత్రలు చేతిలో పెట్టాడు.

"ఇంక పదకొండు దినాలే కదన్నా, ఓర్చుకో. దాటినాక రాప్పా, మంచం నేనే చూపిస్తా."

ఒకరిని ఇబ్బంది పెట్టే మనిషి కాదు చిక్కన్న. తల ఊపి మళ్లీ ఆటో ఎక్కాడు.

అప్పట్నుంచి ఓబులేశ్‌కు తిన్నది ఒంటబట్టలేదు. ఫోన్ చేస్తే రమ్మన్నట్టవుతుందని ఫోనూ చెయ్యలేదు. గేటు ముందు ఆటో ఆగితే చాలు, పరుగున పోయి చూసేవాడు. దిగింది ఇంకెవరో అయితే హమ్మయ్య అనుకునేవాడు.

చిక్కన్న రాలేదు. ముప్పయ్యో దినం మధ్యాహ్నం, చిక్కన్నకు కప్పమని డాక్టరిచ్చిన శాలువా, బాగయ్యాడన్న సర్టిఫికెట్టు పట్టుకుని ఓబులేశ్ బండిమీద వల్లూరు పోయాడు.

వాకిట్లో చెప్పులే చెప్పులు. వేటకూర వాసన గుమ్మంలోనే పట్టేసింది. గండం గడిచిందని చుట్టాలను పిలిచి విందు పెట్టినట్టున్నాడు మహానుభావుడు, అనుకున్నాడు ఓబులేశ్. ఆ మాటకే కడుపు నిండిపోయింది.

లోపల వెంకటక్క గోడకు అడ్డంగా వంగి, అరటాకులో ముద్ద పెడుతోంది. పక్కన కూర, చింతకాయ ఊరగాయ. బీడీకట్ట కూడా. అది చూసి అతనికి నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి.

"ఏందక్కా ఇది? ఉప్పు తగ్గించమని, బీడీ ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినాం?"

"ఆయనకు ఇష్టమప్పా," అంది వెంకటక్క.

ఓబులేశ్ మెత్తబడ్డాడు. శాలువా ఆమె చేతిలో పెట్టాడు. మీ ఆయన పుణ్యాన నా పిల్లలు అన్నం తింటారక్కా, రేపట్నుంచి ఎప్పుడన్నా రావచ్చని చెప్పు, అన్నాడు.

"నువ్వు ఓర్చుకోమన్నావని, ఆ పొద్దు మళ్లా నోరెత్తలేదప్పా," అందామె.

తర్వాత శాలువా మడత విప్పి, ఆకు ముందర గోడకు ఆనించిన, బంతిపూల దండేసిన చిక్కన్న ఫోటోకు కప్పింది.