చెయ్యి పైకెత్తండి

తెల్లారితే నర్సుకి ఇంటర్వ్యూ. నెగ్గితే నరాల వార్డులో స్పెషలిస్టు నర్సవుతుంది. కుదురుగా కూర్చోలేక మంచాల మధ్య పచార్లు చేస్తోంది. ఆ మంచాల మీదున్నవాళ్ళంతా కోమాలో ఉన్నవాళ్ళే. నెలల తరబడి వేలు కూడా కదపలేదు.

"రేపు చేసి చూపించాల్సిన స్పృహ పరీక్ష వీళ్ళ మీదే ప్రాక్టీసు చెయ్యవే, తడబడినా నవ్వరు," అని సీనియరక్క టీకి వెళ్ళింది.

నర్సు మొదటి మంచం మీదున్న ముసలాయన దగ్గర ఆగి గొంతు సవరించుకుంది. "బాబాయ్, నా మాట వినిపిస్తే చెయ్యి పైకెత్తండి."

ముసలాయన చెయ్యి మెల్లగా లేచింది. సంతోషం పట్టలేక, "అక్కా!" అని కేకేస్తూ వెనక్కి తిరిగింది.

ప్రతి మంచం మీదా ఒక చెయ్యి లేచి ఉంది.

"దించండి," అంది. ఎవరూ దించలేదు.

పరీక్షలో ఆ తర్వాత అడగాల్సింది, కళ్ళు తెరవమని. ఆమె నోరు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరవండి," అని వార్డు చివర్నుంచి వినిపించింది, అచ్చం ఆమె గొంతుతోనే.