పిన్ని చదివిన ఆట

"ఇది తప్పు. ముసలమ్మ ఇలా అనదు."

చిట్టి ఫోను భర్త చేతికిచ్చేసింది.

అతను తెర వైపు చూశాడు. ఊరి గుమ్మం దగ్గర గళ్ళు గళ్ళుగా గీసిన ముసలమ్మ బొమ్మ. దాని కింద అక్షరాలు: "కత్తి కొంటావా, బాబూ?"

"మరేమనాలి?"

"తిన్నావా తల్లీ, కాళ్ళు తుడుచుకుని లోపలికి రా, అనాలి."

"కత్తులమ్ముకునే ముసలమ్మకి నీ కాళ్ళతో ఏం పని?" అని నవ్వాడతను.

చిట్టి నవ్వలేదు.

ఆ రోజు ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి సెలవు. చిన్నప్పుడు ప్రాణం పెట్టి ఆడిన ఆట ఇన్నేళ్ళకి మన భాషలో వచ్చిందని, భర్తే వెతికి ఫోనులో పెట్టిచ్చాడు.

అప్పట్లో అది టీవీకి తగిలించి ఆడే ఆట, ఏదో పరాయి భాషలో ఉండేది. అక్షరాలు చీమలు పాకినట్టుండేవి. అమ్మ పోయిన కొత్తల్లో, పిల్ల ఏడుపు మానుతుందని నాన్న పాతసామాన్ల కొట్లో కొనుక్కొచ్చాడు.

నాన్న బస్సు డ్రైవరు. ఇల్లు చేరేసరికి పొద్దుపోయేది. అందాకా చిట్టిని చూసుకునేది, మేడమీద గదిలో కొత్తగా అద్దెకు దిగిన పిన్ని. చుట్టరికమేమీ లేదు, పిలుపుకే పిన్ని.

"నాకీ భాష వచ్చులే. నువ్వు బొమ్మని నడిపించు, నేను చదువుతా," అంది మొదటిరోజే.

కానీ ఆవిడ చదువు మహా నిదానం. మాటమాటకీ ఆగేది. గొంతు సవరించుకునేది. ఒక్కోసారి మొహం అటు తిప్పేసుకునేది.

"తొందరగా చదువు పిన్నీ!"

"ఆగవే. అక్షరాలు మరీ చిన్నవి."

"నా బొమ్మ అబ్బాయి కదా, ముసలమ్మ 'తల్లీ' అంటుందేంటి?"

"వాళ్ళ భాషలో అంతే."

చిట్టికి విసుగొచ్చేది. అయినా సాయంత్రమయ్యేసరికి మేడమెట్ల వైపు చూస్తూ కూర్చునేది. పిన్ని రాకపోతే ఆట నడవదు మరి.

ఆట పూర్తయ్యాక చిట్టికి పిన్నితో పని కూడా అయిపోయింది. బళ్ళో స్నేహితురాళ్ళు పెరిగారు. కొన్నాళ్ళకి పిన్ని గది ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే, వీధిలో తొక్కుడుబిళ్ళ ఆపకుండానే చెయ్యూపింది.

పోయినేడు, పిన్ని చనిపోయిందని నాన్న షాపుకి ఫోను చేశాడు. అప్పుడు చిట్టి ఎవరికో చూపు పరీక్ష చేస్తోంది.

"అయ్యో," అంది. ఫోను పెట్టేసి, "కింది వరస చదవండి," అంది.

ఇప్పుడు మళ్ళీ ఫోను అందుకుని ఆడుతున్నకొద్దీ చిట్టి మొహం వాడిపోతోంది.

ఏటి దగ్గర పడవవాడు, "దాటాలంటే రెండు నాణేలు," అన్నాడు. చిన్నప్పుడు పిన్ని చదివినప్పుడు వాడన్నది అది కాదు. చీకట్లో భయమేస్తే పాట పాడుకోమన్నాడు. గొంతు బాగుండక్కర్లేదు, ఎవరూ నవ్వరన్నాడు. ఇప్పటికీ కరెంటు పోతే చిట్టి సన్నగా కూనిరాగం తీస్తుంది.

కోట ముందు భటుడు, "ఈ దారి మూసేశాం," అన్నాడు.

చిట్టి ఫోను పట్టుకుని లేచింది. బాల్కనీలో నాన్న ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు.

"నాన్నా, మేడమీద పిన్నికి నిజంగా పరాయి భాష వచ్చా?"

"ఆవిడకా? మన అక్షరాలే కూడబలుక్కుని చదివేది."

"మరి ఈ ఆటంతా నాకు చదివి చెప్పిందే! ఒక్క మాటా కలవట్లేదు నాన్నా. అన్నీ సొంతంగా కల్పించింది. ఈ భటుడు ఏమన్నాడని చెప్పిందో తెలుసా?"

"ఏమన్నాడు?"

"మీ నాన్న అరిస్తే భయపడకు, ఆయనకి ఏడవడం చేతకాదు, అందుకే అరుస్తాడు, అని."

నాన్న చేతులు ఆగిపోయాయి.

మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అది ఎవరూ కల్పించిన మాట కాదే. మీ అమ్మ మాట. ఎప్పుడూ నన్ను అలాగే అనేది."

"అమ్మ మాట పిన్నికెలా తెలుస్తుంది? అమ్మ పోయాక కదా తను వచ్చింది!"

"నీకు చెప్పొద్దంది. తెలిస్తే నువ్వు దగ్గరికి రావని భయపడింది."

"ఏం తెలిస్తే?"

నాన్న చొక్కా మడతని అరచేత్తో మళ్ళీ మళ్ళీ సాపుచేశాడు.

"పాపకి చెప్పావా అమ్మా అని నేనడిగితే, రోజుకొకటి చెబుతున్నాను అన్నా, అనేది ఆవిడ. నేనొచ్చి చూస్తే మీరిద్దరూ టీవీ ముందు ఆడుకుంటూ కనబడేవాళ్ళు. చెప్పలేక దాటేస్తోంది కాబోలు అనుకున్నాను."

ముసలమ్మ, పడవవాడు, భటుడు, ఒక్కొక్కరి గొంతూ చిట్టి చెవుల్లో మోగింది. అన్నీ గొంతు సవరించుకుంటూ వచ్చిన ఒకే గొంతు.

"ఎవరు నాన్నా ఆవిడ?"

"మీ అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రి వార్డులో ఆయా, తల్లీ! నా బిడ్డకి చెప్పమని మీ అమ్మ అప్పజెప్పిన మాటలన్నీ పట్టుకుని మన మేడమీదికి అద్దెకొచ్చింది."