ఒకటి నొక్కండి

ఫోన్ మోగగానే కట్ చేస్తున్నాను కాబట్టి నాకెవడో ఉన్నాడని అమ్మ తేల్చేసింది. అవి రికార్డింగు కాల్స్ అంటే నమ్మదు. కొత్త నంబర్లన్నీ ఆపేద్దామంటే, గడ్డపోతారం మందుల కంపెనీ నుంచి ల్యాబ్ ఉద్యోగానికి పిలుపు రావాలి. అదీ కొత్త నంబరు నుంచే వస్తుంది.

ఇవాళ వంటింట్లో ఫోన్ మోగితే అమ్మ లాక్కుంది.

"ఎవడ్రా నువ్వు? నా బిడ్డతోని నీకేం పని?"

"నమస్కారం. మీ అమ్మాయికి మంచి క్రైస్తవ సంబంధం కావాలంటే ఒకటి నొక్కండి," అంది రికార్డింగు గొంతు.

అమ్మ మొహం వెలిగిపోయింది. "వందనాలమ్మా," అంది ఆ రికార్డింగుకి జవాబుగా.

"అది మిషనే అమ్మా. నొక్కకు. నొక్కితే ఇంకా ఎక్కువ చేస్తరు."

"గంత మర్యాదగ అడుగుతుంటే జవాబియ్యొద్దా, బ్యూలా? మొన్న సువార్త సభల కాడ సంబంధాలు చూస్తమంటే నీ నంబరు చెప్పింది నేనే."

నొక్కేసింది. సాయంత్రం దాకా ఫోన్ ఊపిరాడనివ్వలేదు. ఎన్నిసార్లు చేసినా బిజీ వస్తోందని కంపెనీవాళ్లు మెయిల్ పెట్టారు.

బీరంగూడ వెళ్లి కొత్త సిమ్ తీసుకున్నాను. ఆ నంబరు కంపెనీకి ఇచ్చాను. ఇంట్లో ఇవ్వను.