తెలుగులో చెప్పిన మాట

"ఉచితంగా దొరికే సర్వర్ సాఫ్ట్‌వేర్ మా బ్యాంకుకి ప్రమాదమని మృత్యుంజయగారే రిపోర్టులో రాశారమ్మా," అన్నాడు మేనేజరు సేన్‌బాబు బెంగాలీలో.

భానుమతి పక్క కుర్చీలో ఉన్న మృత్యుంజయ వైపు తిరిగింది. ఖాతాదారుల వివరాలు దారిలో ఎవరికీ చిక్కకుండా ఆ సర్వర్‌ను నడపడం ఆమెకు నేర్పింది మృత్యుంజయే. దగ్గర కూర్చోబెట్టుకుని దాని లైసెన్సు చదివించి, ఎవరైనా వాడుకోవచ్చని చెప్పిందీ ఆయనే. ఆ మాట నమ్మి ఆమె వేసవంతా సాల్ట్ లేక్‌లోని తన ఆఫీసులో ఈ బ్యాంకు కోసం దాన్ని సిద్ధం చేస్తూ కూర్చుంది.

"ఏటన్నయ్యా ఇది? గట్టిదని మీరే కదా చెప్పేరు?" అంది తెలుగులో.

ఆయన మేనేజరు వైపు నవ్వుతూనే తెలుగులో జవాబిచ్చాడు. "ఇప్పటికీ గట్టిదే భానూ. కానీ లైసెన్సు కొనుక్కోవాల్సిన సర్వర్‌కి నేను డీలర్‌నయ్యాను. ఊరికే వచ్చేది ఉంటే నాది ఎవరు కొంటారు? తలూపి ఊరుకో. నీకూ మంచి ఉద్యోగం చూస్తాను."

లిలువా రైల్వే క్వార్టర్లలో బెంగాలీ పిల్లలతో పెరిగిన భానుమతి సేన్‌బాబు వైపు తిరిగింది.

"డీలర్ అన్నట్టు వినిపించింది. ఎవరమ్మా డీలర్?" అని సేన్‌బాబు అడిగాడు.

మృత్యుంజయ వద్దన్నట్టు చూశాడు.

ఆయన అన్నదంతా, తనకు చూస్తానన్న ఉద్యోగంతో సహా, ఆమె ఒక్క మాట మార్చకుండా బెంగాలీలో చెప్పింది.