మామయ్య కునుకు తీసే వేళ

కొడుకు దొంగతనం చేయబోతున్నాడని అమ్మకు మంగళవారం పొద్దున, బట్టలు నానబెడుతుండగా తెలిసింది.

బిజినెస్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కుర్రాడి ప్యాంటు జేబులో సిగరెట్టు దొరకొచ్చు, ఏ అమ్మాయి ఫోటోనో దొరకొచ్చు. ఏళ్ళ తరబడి ఆవిడ వాటికి భయపడుతూ సిద్ధంగానే ఉంది. తీరా దొరికింది చిన్న నోట్‌బుక్కు. అందులో ఆవిడ తమ్ముడి గడియారాల షాపు.

'మామయ్య షాపు. వెనక తలుపు గడియ వదులు, నెడితే వస్తుంది. ఖరీదైన గడియారాలు పదకొండు, అద్దాల బీరువాలో, ఒకే ట్రేలో. బీరువా తాళంచెవి క్యాలెండరు వెనక మేకుకి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా మామయ్య కుర్చీలో కునుకు తీస్తాడు. గురక వినిపిస్తే భయం లేదు.'

ఒక్కోదాని పక్కన ఐదుకి ఇన్నని మార్కులు. గడియకి నాలుగు, కునుక్కి ఐదు. అట్టడుగున 'గురువారం' అని రాసి, ఎర్ర ఇంకుతో రెండు గీతలు.

మార్కులేసి మరీ దొంగతనానికి వెళ్ళేవాణ్ణి ఆవిడ ఎక్కడా వినలేదు. చదువుకున్నవాడు కదా, ఏది చేసినా పద్ధతిగా చేస్తాడు అనుకుంది. అందులో రవ్వంత గర్వం కూడా కలిసిందని తెలిసి నాలిక్కరుచుకుంది.

భర్తకు చెబితే ఆయన పేపరు దించకుండానే విన్నాడు.

"వాడా? మంచినీళ్ళు కావాలంటేనే నిన్ను కేకేస్తాడు. దొంగతనమంటే ఎండలో బస్సెక్కి వెళ్ళాలి. నిశ్చింతగా ఉండు."

"మీకన్నీ వేళాకోళమే."

"కిందటి నెల కొరియరు కుర్రాణ్ణి పిల్లలనెత్తుకుపోయేవాడన్నావు. మనింట్లో ఉన్నది ఒక్క పిల్లాడు, డెబ్భై కిలోలు. ఎత్తుకుపోగలిగితే పోనీ."

సాయంత్రం కొడుకు వచ్చాక ఆవిడ ఏమీ ఎరగనట్టు కదిపింది.

"ఏం చదువుతున్నావురా ఈమధ్య?"

"రిస్క్ మేనేజ్‌మెంటమ్మా. ఏమేం చెడు జరగొచ్చో ముందే ఊహించి రాయడం."

"దానికి ఫీజు కట్టి కాలేజీకి వెళ్ళాలా? ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో నేను చేసేదదేగా."

"అదేనమ్మా, మా లెక్చరర్ కంటే నీకే బాగా వచ్చు."

"గురువారం ఏముంది మరి?"

వాడు ఫోను మీంచి కళ్ళెత్తలేదు. "పెద్ద పనుంది. మామయ్య షాపుకి కూడా వెళ్ళాలి. అది సరిగ్గా జరిగితే ఇక నాకు దిగుల్లేదు."

ఆవిడకు, కడుపున పుట్టినవాడు కటకటాల వెనక నిలబడి, 'అమ్మా, దుప్పటి తెచ్చావా' అని అడుగుతున్నట్టే కనిపించింది. నిలదీస్తే అవమానంతో ఏ అఘాయిత్యం చేసుకుంటాడో. తమ్ముడికి చెబితే మేనల్లుణ్ణి జన్మలో గడప తొక్కనివ్వడు. ఆలోచించగా ఒక్కటే దారి తోచింది. వాడు వెళ్ళేసరికి ఆ ట్రేలో ఏమీ ఉండకూడదు.

బుధవారం రెండూ పదికి, కూరగాయల సంచీతో షాపు వెనక సందులోకి వెళ్ళింది. గడియ నెడితే వచ్చింది. తాళంచెవి మేకుకే ఉంది. తమ్ముడి గురక, కొడుకు రాసినట్టే, ధైర్యం చెబుతున్నట్టుంది. పదకొండు గడియారాలూ తోటకూర కట్టల కింద దాచి, తీసిన తలుపులన్నీ మళ్ళీ వేసి, చెప్పులు చేత పట్టుకుని బయటపడింది. గిన్నె జారితేనే కెవ్వుమనే మనిషి. ఆ పావుగంటా చెయ్యి ఒక్కసారి వణకలేదు.

ఇంటికొచ్చి, వాటిని అటక మీద పాత ప్రెషర్ కుక్కర్లో పెట్టి మూత బిగించింది. ఒక్క గురువారం గడిస్తే చాలు, ఎలా తెచ్చానో అలాగే పెట్టేసి వస్తాననుకుంది.

నాలుగింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కొంప మునిగింది. ట్రే ఖాళీ. పోలీసులకు కంప్లైంటిచ్చాను. ఎవడో బాగా తెలిసినవాడే చేశాడంటున్నారు."

"ఎవడై ఉంటాడురా?" అంది ఆవిడ. ఆ గొంతు తనదేనని ఆవిడకే అనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం కొడుకు కాలేజీ నుంచి పెందలాడే వచ్చాడు. చేతిలో స్పైరల్ బైండింగు వేసిన పుస్తకం. పైన లెక్చరర్ సంతకం, యాభైకి నలభైతొమ్మిది.

"మామయ్య షాపు మీద ప్రాజెక్టమ్మా. ఎక్కడెక్కడ దొంగతనానికి వీలుందో అన్నీ రాశాను. క్లాసులో చదివి వినిపించారు. ఇవాళ మామయ్యకూ ఒక కాపీ ఇద్దామనుకున్నా. ఒక్కరోజు ఆలస్యమైపోయింది, పాపం."

ఆవిడకు నేల మీద కాలు నిలవలేదు. బంగారంలాంటి పిల్లాణ్ణి దొంగ అనుకుంది. దొంగ అయితే తనే అయింది. అయినా అంతకంటే మంచి వార్త ఈ మధ్య విన్న గుర్తులేదు. వాణ్ణి భోజనానికి కూర్చోబెట్టి, కళ్ళు తుడుచుకుంటూ స్టూలెక్కి కుక్కరు దించింది. బీరువా కింద దొరికాయని ఏదో ఒకటి చెప్పి, ఇప్పుడే తమ్ముడికి అప్పగించేయాలి.

మూత తీసింది. లోపల చెయ్యి తిప్పి చూసింది. తలకిందులు చేసి దులిపింది.

కుక్కరు పట్టుకునే వచ్చి వాడి ముందు నిలబడింది. "ఒరే, ఇందులోవి ఏవిరా?"

వాడు పెరుగు కలుపుకుంటూ, పాఠం అప్పజెప్పినంత నెమ్మదిగా అన్నాడు. "మాకు మొదటి క్లాసులో చెప్పింది ఒకటేనమ్మా. ప్రమాదమున్న పని మన చేత్తో చేయకూడదు, మనకోసం దేనికైనా తెగించేవాళ్ళ చేత చేయించాలి."