పేరు చెప్పరాని పురుగు

“ఆ పురుగుకు నా పేరు పెట్టిండ్రంటే ఇయ్యాల్నే మా అమ్మగారింటికి పోత,” అంది నిర్మల, చేతిలోని చాట కింద పెట్టకుండానే.

వెంకట్రాజం భూతద్దం మీంచి తల ఎత్తలేదు. కాలేజీలో జువాలజీ చెప్పే ఆయనకు పన్నెండేళ్ళ సర్వీసులో మొదటిసారి, లోకంలో ఇంతవరకు ఎవరూ రాసిపెట్టని పురుగు దొరికింది. కందిగింజంత ఒళ్ళు, రాగిచెంబు మెరుపు, నెత్తిన రెండు కొమ్ములు. కలకత్తాలో పురుగుల మీద పరిశోధన చేసే పెద్దాయన చూసి, కొత్తదేనని ఉత్తరం కూడా రాశాడు. ఇక పేరు పెట్టి వ్యాసం పంపడమే తరువాయి.

“కనిపెట్టినోడు తన పేరు పెట్టుకుంటే బాగుండదు నిర్మలా. పెండ్లాం పేరు పెట్టొచ్చు. వెయ్యేండ్లు ఉంటది నీ పేరు.”

“పేడ తినేదానికి నిర్మల అని పెడితే చదివినోళ్ళు నవ్వరా?”

“శాస్త్రజ్ఞులు నవ్వరు.”

“మా వదిన శాస్త్రజ్ఞురాలు కాదు గద.”

వదిన సంగతి వెంకట్రాజానికీ తెలుసు.

“అయినా ఊర్లల్ల దానికి ఏదో ఒక పేరు ఉంటది గద,” అంది నిర్మల. “అదే పెట్టండి. మల్లక్కను అడుగుదాం.”

ఎనుమాముల అవతలి పల్లె నుంచి రోజూ పాలు తెస్తుంది మల్లక్క. నిర్మల మల్లెచెట్టుకు వేయమని ఆమె తెచ్చిన పెంట గంపలోనే ఈ పురుగు వచ్చింది. మల్లక్క అంటే నిర్మలకు ఇష్టం. పాలలో నీళ్ళు కలిపితే కలుపుతుందేమో గాని, మాటలో మురికి కలపదు. అందరూ పెంట అనేదాన్ని ఆమె ఎరువు అంటుంది. “పోయినసారి తెచ్చిన పెంట సరిపోలేదు,” అని నిర్మల అంటే, “ఎరువు మల్ల తెస్తనమ్మా,” అని సుతారంగా సరిదిద్దింది కూడా.

మర్నాడు పొద్దున మల్లక్క పాలు కొలుస్తుంటే వెంకట్రాజం అగ్గిపెట్టె తెరిచి చూపించాడు.

“దీన్నేమంటరు మల్లక్కా? పేడపురుగేనా?”

“కాదు సార్. పేడపురుగు ఉండలు దొర్లిస్తది. ఇది దొర్లియ్యదు. దీని పేరు వేరే ఉన్నది.”

“ఏం పేరు?”

మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేను చెప్పరాదు సార్.”

“ఎందుకు?”

“తప్పు సార్. పాపం తాకుతది.” క్యాను మూత అరుగు మీదే మరిచిపోయి వెళ్ళిపోయింది.

వెంకట్రాజం కళ్ళు పురుగుకంటే ఎక్కువ మెరిశాయి. ఆదివారం నిర్మలను స్కూటరెక్కించుకుని నేరుగా మల్లక్క ఊరికే పోయాడు. మగవాళ్ళంతా మిర్చి బస్తాలతో మార్కెట్ యార్డుకు వెళ్ళారు. ఇంట్లో మల్లక్క తోటికోడలు సమ్మమ్మ ఒక్కతే ఉంది. పెట్టె తెరవగానే ఆమె కిసుక్కున నవ్వి, వెంటనే లెంపలు వేసుకుంది.

“నాతోని చెప్పియ్యకున్రి సార్. మా అక్క విన్నదంటే నా పని అయితది.”

“జర మెల్లగ నా చెవుల చెప్పు.”

“అమ్మో! మేమైతే చెప్పం సార్.”

తిరుగుదారిలో వెంకట్రాజం స్కూటర్ హారన్ ఊరికే మూడుసార్లు కొట్టాడు. “చూసినవా? ఇద్దరాడోళ్ళు, ఒకటే భయం. ఇది మామూలు పురుగు కాదు నిర్మలా, దేవత పురుగు!”

ఆ వారమంతా కూర్చుని, ఈ నిషేధం ఏటూరునాగారం అడవుల నుంచే వచ్చి ఉండాలని నాలుగు పేజీలు రాశాడు. చివరికి కలం కొరుకుతూ, “మరి పలకరాని పేరును ఎట్ల రాయాలె?” అన్నాడు.

“అనామిక అనండి,” అంది నిర్మల. ఆ ప్రశ్న కోసం ఆమె రెండు రోజులుగా కాచుకుని ఉంది.

“మంచిగ ఆలోచించు. ఒక్కసారి అచ్చయిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు.”

“నాది కాదు గద. అచ్చెయ్యనియ్యండి.”

అయిదు నెలలకు కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ మందపాటి కవరుతో గేటు దగ్గర నిలబడ్డాడు. “రిజిస్టరీ అమ్మా. మీ సార్ పేరేంది?”

“బోర్డు మీద ఉన్నది, చదువుకో,” అని నిర్మల గోడకున్న పేరు పలక చూపించింది.

కవరులో పత్రిక. నలభై రెండో పేజీలో పురుగు బొమ్మ, కింద దాని కొత్త పేరు, ఆ కింద వెంకట్రాజం పరిశోధన. ఆయన దాన్ని తెలుగులోకి మార్చి ఇల్లంతా వినిపించేలా చదివాడు: “‘ఇక్కడి స్త్రీలు ఈ కీటకాన్ని పరమ పవిత్రంగా భావిస్తారు. దాని పేరును పొరపాటున కూడా ఉచ్చరించరు.’”

మూడోసారి చదువుతుండగా గేటు చప్పుడైంది. మల్లక్క పుట్టింటికి పోయిందట, ఆమె ఇంటాయన పాల క్యానుతో వచ్చాడు. బక్కపలుచటి మనిషి, ఒంటికి మించిన తలపాగా.

“రావయ్యా రా! మీ ఊరి పురుగు లోకమంత ఎరుకైంది,” అని వెంకట్రాజం పేజీ ముందు పెట్టాడు.

ఆయన వంగి చూశాడు. “గిదా సార్? పెంటపురుగు!”

వెంకట్రాజం ఉలిక్కిపడ్డాడు. “అట్ల అనొచ్చా? పాపం తాకదా?”

“పాపమేంది సార్? ఊరంత గదే అంటరు. పోరగాండ్లు దారం గట్టి ఆడుకుంటరు.”

“మరి మల్లక్క ఎందుకు చెప్పలే? సమ్మమ్మ లెంపలు గూడ ఏసుకున్నది గద!”

ఆయన తలపాగా సర్దుకుంటూ మెలికలు తిరిగాడు. “ఆల్లెట్ల చెప్తరు సార్...”

నిర్మల చేతిలో పాలగిన్నె ఆగిపోయింది. ఆమె చూపు గోడ మీది పలక వైపు పోయి, మెల్లగా వెనక్కి వచ్చింది.

“నీ పేరేందయ్యా?”

“పెంటయ్య, అమ్మా.”