మిరపగింజల శ్రుతి

కరుణాకర్ ఫోన్ చేయలేదు. చీరాలలో బస్సెక్కి చిలకలూరిపేటలోని పరుపుల కొట్టుకే వచ్చాడు. వచ్చి, పత్తి మూటల మధ్య కూర్చున్న ముస్తాక్ ఎదుట నిలబడ్డాడు.

“మార్టూరులో మా తోడల్లుడి కూతురి రిసెప్షన్‌రా. మన పాత ఆర్కెస్ట్రా మళ్లీ స్టేజీ ఎక్కుతోంది. నీ డ్రమ్ కిట్ కిందికి దించు.”

“ముందు ఆ మీసం కత్తిరించు. సగం మాటలు దాంట్లోనే మింగేస్తున్నావు,” అన్నాడు ముస్తాక్.

కరుణాకర్ మీసం పైకి దువ్వుకుని మళ్లీ చెప్పాడు.

“నావల్ల కాదురా.”

“నువ్వు లేకపోతే నేను గిటార్ ముట్టుకోను. ఒట్టు.”

ఆ ఒట్టుకి ముస్తాక్ కరిగిపోయాడు. ఆరేళ్ల కిందట జ్వరంతో మంచాన పడి లేచాక ఆ కిట్‌ని తనే అటకెక్కించాడు. అప్పట్నుంచీ భార్య నస్రత్‌తో కలిసి పరుపులు కుట్టుకుంటున్నాడు. చచ్చేలోగా మళ్లీ ఒక్కసారి జనం ముందు వాయించాలని ఉందని ఎవరికీ చెప్పలేదు. నస్రత్‌కి మాత్రం చెప్పకపోయినా తెలుసు.

కిట్ దిగింది. ఎప్పుడో మద్రాసులో ఒక ముసలి వాద్యగాడి దగ్గర కొన్నది. కొన్నప్పటికే దానికి సగం వయసు అయిపోయింది. ఇప్పుడు పెద్ద డ్రమ్ములో ఎలుక ఒకటి పిల్లాపాపలతో కాపురముంటోంది. ముస్తాక్ వాటిని మర్యాదగా సాగనంపి పనిలోకి దిగాడు.

తుప్పు పట్టిన బోల్టులు విప్పి కిరసనాయిల్లో నానేశాడు. కడ్డీలను గరుకు కాగితంతో రుద్దాడు. ఎర్రటి చెక్కకి కొబ్బరినూనె గుడ్డతో మెరుపు తెచ్చాడు. నస్రత్ ఇత్తడి సింబల్స్ ముందేసుకుని, చింతపండు పెట్టి బిందెలు తోమినట్టే తోమింది. చిరిగిన తోళ్ల స్థానంలో గుంటూరు నుంచి కొత్తవి వచ్చాయి.

ఇక మిగిలింది శ్రుతి. వంటింట్లోంచి గుప్పెడు మిరపగింజలు తెచ్చి డ్రమ్ము మీద చల్లేవాడు. పుల్లతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. గింజలు ఎటువైపు బద్ధకంగా పడుకుంటే అటువైపు బోల్టు బిగించేవాడు. అన్నీ ఒకే ఎత్తున గెంతేదాకా వదిలేవాడు కాదు. ఆ ఘాటుకి ఇల్లంతా తుమ్ములు.

నస్రత్ భుజం తట్టి ముందుకొచ్చింది. “చాలయ్యా. పెళ్లికూతుర్ని కూడా ఇంత ముస్తాబు చెయ్యరు.”

“నేను వాయిస్తుంటే మార్టూరులో రాళ్లు కోసే మిషన్లు ఆగి వినాల.”

ఆమె నవ్వలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

రిహార్సల్ ఎప్పుడని అడిగితే కరుణాకర్ దాటేశాడు. “నీకు రిహార్సలేందిరా. పుట్టడమే పుల్లలు పట్టుకుని పుట్టావు.” పొగడ్త ఎవరికి చేదు? చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బందెందుకని ముస్తాక్ ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదే పాటలన్నీ నెమరేసుకున్నాడు.

రిసెప్షన్ ముందురోజు కరుణాకర్ మళ్లీ వచ్చి అతన్ని సెలూన్‌కి లాక్కుపోయాడు. దగ్గరుండి తలకి రంగు వేయించాడు. తిరిగొచ్చేసరికి నస్రత్ కిట్ తుడిచి, దుప్పట్లు కప్పి, వ్యానుకి సిద్ధంగా ఉంచింది. నా చుట్టూ ఎంత మంచివాళ్లున్నారు అనుకున్నాడు పిచ్చిమారాజు.

మర్నాడు మధ్యాహ్నం ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. మొదటి పాటకే ముస్తాక్‌కి తేడా కొట్టింది. పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కితే అరికాల్లోంచి గుండెదాకా అదరాలి. అదరలేదు. అయినా కరుణాకర్ వేళ్ల మీదే చూపు నిలిపి పాటలన్నీ పూర్తి చేశాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. పాడిన ఉదయశ్రీ దగ్గరికొచ్చి, “అదరగొట్టారండీ,” అని గబగబా వెళ్లిపోయింది.

అందరూ భోజనాలకి కదిలాక, స్టేజీ బ్యానర్ వెనక కోటి కనిపించాడు. ఆర్కెస్ట్రాలోకి కొత్తగా వచ్చినవాడు. అతని ముందు డ్రమ్ముల్లా మోగే ఎలక్ట్రానిక్ ప్యాడ్స్. వాటి నుంచి స్పీకర్లకి వైర్లు. చొక్కా మొత్తం చెమటతో తడిసింది. చేతిలో పుల్లలు దాచబోయి, ఎక్కడ దాచాలో తెలియక నిలబడిపోయాడు.

ముస్తాక్ వెనక్కొచ్చి పెద్ద డ్రమ్ముని పడుకోబెట్టాడు. జేబులోంచి పొట్లం తీసి గింజలు డ్రమ్ము మీద చల్లాడు. కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. గింజలు కాస్త ఒత్తిగిలి మళ్లీ పడుకున్నాయి.

బోల్టులు విప్పాడు. లోపలంతా పత్తి. పరుపుకి కూరినట్టు సందు లేకుండా కూరి, పైన గుడ్డ వేసి కుట్టి ఉంది. ఆ గుడ్డ నస్రత్ పాత చీరది. దారం ముడేసి కొస పళ్లతో తెంపడం కూడా ఆమె అలవాటే.

కరుణాకర్ ఒక్కడే చేసుంటే బూతులు తిట్టి ఊరుకునేవాడు. కట్టుకున్నది కూడా కలిసి నమ్మించి గొంతు కోసింది.

నస్రత్ విస్తరి వదిలేసి వచ్చి ఎదురుగా నిలబడింది. పక్కనే కరుణాకర్.

“నలుగురిలో నవ్వులపాలవుతావని భయమేసిందయ్యా,” అంది.

“విన్నాక నవ్వితే పడేవాణ్ణి. వినకుండానే నా డ్రమ్ము నోట్లో పత్తి కుక్కారు.”

కరుణాకర్ తల దించుకోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ ఎత్తాడు. “నీకు తెలుస్తుందనుకోలేదురా.”

ఆరేళ్ల కిందటి జ్వరంలో రెండు చెవులూ పూర్తిగా పోయిన మనిషికి డ్రమ్ము మోగిందో లేదో ఏం తెలుస్తుందిలే అన్నది వాళ్ల ధీమా.